ఆసియాకు కోర్టు ఏది?
ప్రాంతీయ మానవ హక్కుల కోర్టులపై మీరు రాసిన వ్యాసం చదివాను సార్. మానవ హక్కులకు యూరప్‌లో స్ట్రాస్‌బర్గ్ కోర్టు, ఆఫ్రికాలో అరూషా కోర్టు ఉన్నాయని అందులో బాగా వివరించారు. మరి ఆసియా మాటేమిటి? మనకు అలాంటి కోర్టే లేదు. పౌర, రాజకీయ హక్కుల అంతర్జాతీయ ఒడంబడికలో భారత్ 1979లో చేరింది గానీ, వ్యక్తులు నేరుగా ఐరాస కమిటీకి ఫిర్యాదు చేసుకునే ప్రోటోకాల్‌లో (దాని అనుబంధ ఒప్పందంలో) చేరలేదు.

మాది మహబూబ్‌నగర్ దగ్గర పల్లె. కూలీలను గుంపుగా పనికి తీసుకెళ్లే గుంపు మేస్త్రీ దగ్గర అడ్వాన్స్ తీసుకుని మట్టి పనికి వలస వెళ్లిన మా చిన్నాయన కూలి డబ్బులు రాక ఉత్త చేతులతో తిరిగొచ్చాడు. ఇలాంటి వాటిపై జాతీయ మానవ హక్కుల కమిషన్‌కు ఫిర్యాదు తెలుగులోనే రాయొచ్చు, ఫీజు లేదు, కానీ ఘటన జరిగిన ఏడాదిలోపే పంపాలి. ఆ సంగతి మాకు తెలిసేసరికి రెండేళ్లు దాటిపోయింది. దయచేసి ఇవి కూడా రాయండి సార్. మా ఊళ్లో అడ్వాన్సులు ఇంకా ఇస్తూనే ఉన్నారు.