సిలిండర్ పేలిందనే మాట వెనుక

‘గ్యాస్ సిలిండర్ పేలి’ అన్న శీర్షిక గోదావరి జిల్లాల వార్తల్లో తరచూ కనిపిస్తుంది. తీరా చూస్తే చాలా ఘటనల్లో సిలిండర్ చెక్కుచెదరకుండా ఉంటుంది. ఎలుకలు కొరికిన ట్యూబు నుంచో, సరిగా బిగియని రెగ్యులేటర్ నుంచో, పాలు పొంగి ఆరిపోయిన పొయ్యి నుంచో లీకైన గ్యాస్ గదంతా నిండి, అగ్గిపుల్ల గీయగానో స్విచ్చి వేయగానో భగ్గుమంటుంది. పేలిందంటే ఖర్మ అని సరిపెట్టుకుంటాం. లీకైందంటే ఆపడానికి కాస్త వ్యవధి ఉండేదని ఒప్పుకోవలసి వస్తుంది.

ప్రొపేన్, బ్యూటేన్‌ల మిశ్రమమైన వంటగ్యాస్ గాలికంటే బరువైనది. అందుకే అది పైకి పోకుండా నేలమీద పరుచుకుని, మంచాల కింద, గడపల దగ్గర నిలిచిపోతుంది. గది గాలిలో దాని వాటా 2 శాతానికి చేరితే చాలు, అంటుకోగలదు. సహజంగా వాసన లేని ఈ వాయువుకు ఇథైల్ మెర్కాప్టాన్ కలిపేది మనల్ని హెచ్చరించడానికే. అయితే సందెవేళ దోమల కోసం తలుపులు, కిటికీలు బిగించుకునే డెల్టా ఇళ్లలో, వంటకూ పడకకూ ఒకే గది ఉన్న పాకల్లో, ఆ గ్యాస్ బయటికి పోయే దారే ఉండదు.

1999లో ఉమ్మడి రాష్ట్రంలో మొదలైన దీపం, 2016 నాటి ఉజ్వల, ఏడాదికి మూడు ఉచిత సిలిండర్లిచ్చే 2024 నాటి దీపం-2 పథకాలు ఆడవాళ్లను కట్టెల పొగ నుంచి తప్పించాయి. ఆ మేలును కాదనలేం. కానీ పొయ్యి మారినంత తేలికగా గది మారలేదు. వాసన వస్తే స్విచ్చులు ముట్టుకోకుండా రెగ్యులేటర్ కట్టేసి, తలుపులు తెరిచి, 1906కు ఫోన్ చేయాలన్న సంగతి సిలిండర్‌తోపాటు ఇంటికి చేరలేదు.

కాలిన తరువాత కథ ఇంకా అన్యాయమైనది. గ్యాస్ మంట ముందు ముఖాన్ని, చేతులను పట్టుకుంటుంది. నైలాన్ నైటీ కరిగి చర్మానికి అతుక్కుంటుంది. అతుక్కున్న బట్టను లాగకుండా, గాయం మీద 20 నిమిషాలపాటు శుభ్రమైన చల్లని నీరు పారించడమే మొదటి వైద్యం. పెరట్లో బోరు ఉన్న ఇళ్లలోనే టూత్‌పేస్టు, సిరా, పసుపు పూయడం ఏం విడ్డూరమో! మంచుగడ్డ కూడా పెట్టకూడదు.

పెద్ద గాయమైతే శరీరంలోని ద్రవం వేగంగా తగ్గిపోతుంది. వైద్యులు వాడే పార్క్‌లాండ్ లెక్క ప్రకారం 60 కిలోల మనిషికి 30 శాతం ఒళ్లు కాలితే మొదటి 24 గంటల్లో దాదాపు 7.2 లీటర్ల సెలైన్ కావాలి. అందులో సగం తొలి 8 గంటల్లోనే ఎక్కాలి; ఆ 8 గంటలను ఆసుపత్రిలో చేరినప్పటి నుంచి కాక, ఒళ్లు కాలిన క్షణం నుంచి లెక్కిస్తారు. లంక గ్రామం నుంచి పడవ దాటి, ఆటో దొరికి, ఏరియా ఆసుపత్రికి చేరి, అక్కడినుంచి కాకినాడకు రిఫర్ అయ్యేసరికి ఆ గడువులో ఎంత మిగులుతుంది? 2014 జూన్ 27 తెల్లవారుజామున కోనసీమలోని నగరం అనే ఊరిలో పైపులైన్ గ్యాస్ అంటుకుని 20 మందికి పైగా మరణించినప్పుడు కూడా క్షతగాత్రులను అమలాపురం, కాకినాడలకు తరలించవలసి వచ్చింది.

బీమా సంగతీ అంతే. చమురు సంస్థల పాలసీలో మరణానికి 6 లక్షలు, వైద్యానికి ఒక్కొక్కరికి 2 లక్షల దాకా ఉన్నా, ఆస్తి నష్టానికి కనెక్షన్ నమోదైన చిరునామాయే ఆధారం. ఊరిలో అన్నగారి పేరున్న సిలిండర్‌ను రాజమండ్రి అద్దెగదిలో వాడుకునే తమ్ముడి సామాను కాలిపోతే, ఆ కాగితం అతనికి ఎందుకూ కొరగాదు.

పరిహారాల ప్రకటనలకంటే ముందు ప్రభుత్వం చేయగలిగిన పని ఒకటుంది. లంకలకు దగ్గరగా ఉన్న ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో, రాత్రివేళ సైతం, కాలిన మనిషికి సూది పెట్టి సెలైన్ మొదలుపెట్టగల నర్సును, తగినన్ని సీసాలను ఉంచాలి. కాలిన సమయాన్ని చీటీపై రాసి మరీ పెద్దాసుపత్రికి పంపాలి.