కామెర్ల బిడ్డకు విటమిన్ వేద్దామంటే ఆగండి

పుట్టిన వారంలో సగానికి పైగా పిల్లలు పచ్చబడతారు. చాలామందికి అదే తగ్గిపోతుంది. ఎర్రకణాలు విరిగినప్పుడు వచ్చే పసుపు పదార్థం బిలిరుబిన్ మరీ పెరిగితే మాత్రం, రక్తంలో ఆల్బుమిన్ అనే ప్రోటీన్ పట్టి ఉంచలేక మిగిలిపోయినది మెదడుకెక్కుతుంది. దాన్నే కెర్నిక్టెరస్ అంటారు. వినికిడి పోతుంది, కాళ్లూ చేతులూ అదుపు తప్పి మెలికలు తిరుగుతాయి. ఆ నష్టం జరిగాక పూడ్చే మందు లేదు.

అందుకే ఫలానా విటమిన్ మెదడు కణాలను కాపాడిందని ఏ ల్యాబ్ చెప్పినా ఆశ పుడుతుంది. అయితే ఇలాంటి ప్రయోగాలకు తరచూ వాడేది గన్ అనే రకం ఎలుకలను. బిలిరుబిన్‌ను శుద్ధిచేసే కాలేయ ఎంజైమ్ వాటికి పుట్టుకతోనే పనిచేయదు. మన పిల్లల్లో కామెర్లకు కారణాలు వేరు: నెలలు నిండకపోవడం, తల్లీబిడ్డల బ్లడ్ గ్రూపులు పడకపోవడం, ఎర్రకణాలను కాపాడే జీ6పీడీ అనే ఎంజైమ్ లోపం. ఎలుకలో పనిచేసింది ఇక్కడా పనిచేస్తుందని ముందే అనుకోలేం.

పైగా విటమిన్ అనగానే హాని లేదనుకోవడం ఒకసారి చేదు అనుభవమే మిగిల్చింది. 1950ల్లో రక్తస్రావం కాకుండా నెలలు నిండని పిల్లలకు మెనడయోన్ అనే కృత్రిమ విటమిన్ కె ఎక్కువ డోసుల్లో ఇచ్చారు. అది ఎర్రకణాలను పగలగొట్టి బిలిరుబిన్‌ను పెంచింది, కొందరికి కెర్నిక్టెరస్ తెచ్చిపెట్టింది. మెనడయోన్ నాఫ్తలీన్ కుటుంబానికి చెందిన రసాయనం. బీరువాలో వేసే కలరా ఉండలు ఆ నాఫ్తలీనే. జీ6పీడీ లోపమున్న బిడ్డకు ఆ వాసన పట్టిన పాత బట్టలు తొడిగినా ఎర్రకణాలు అలాగే పగలొచ్చు. (ఇప్పుడు పుట్టగానే ఇచ్చే 1 మి.గ్రా. ఇంజెక్షన్ విటమిన్ కె1. అది సురక్షితం, వద్దనకండి.)

కాబట్టి కొత్త విటమిన్‌ను కూడా మందులాగే డోసు, భద్రత తేల్చి చూడాలి. ఈలోగా చేతిలో ఉన్నదాన్ని వదిలేస్తున్నాం, నా బాధ అదే. బిడ్డను నీలి దీపాల కింద ఉంచి బిలిరుబిన్ తగ్గించే నీలికాంతి చికిత్స 1950ల చివర్లోనే ఇంగ్లండ్‌లో మొదలైంది, ఖర్చూ పెద్దగా కాదు. కానీ కాన్పయిన 48 గంటలకే డిశ్చార్జి చేస్తే, బిలిరుబిన్ గరిష్ఠానికి చేరే మూడు నుంచి ఐదో రోజుకి బిడ్డ ఇంట్లో ఉంటుంది. పెద్దవాళ్లు "పొద్దుటెండ చూపిస్తే పోతుందిలే" అంటారు. ఆ ఎండ నీలికాంతి చికిత్సకు సాటిరాదు. డిశ్చార్జికి ముందు ఒకసారి బిలిరుబిన్ చూసి, మూడో రోజు మళ్లీ రమ్మని చీటీ మీద రాసివ్వడం ఏ ప్రభుత్వాసుపత్రికైనా సాధ్యమే. పాలు తాగకుండా మగతగా పడుకున్నా, పసుపు అరికాళ్ల దాకా దిగినా చీటీలో రాసిన రోజు కోసం ఆగకుండా అదే పూట తీసుకెళ్లాలి.