ఫోన్ బిల్లు మీద కూడా ఆడిటా?

ఈ మధ్య మన నెల్లూరు, ఒంగోలు వ్యాపారుల్లో కొందరికి కొత్త పిచ్చి పట్టుకుంది. ఫోన్, ఇంటర్నెట్ బిల్లులను ఆడిట్ చేయించుకుంటున్నారట. ఏడాది బిల్లులన్నీ ముందేసుకుని, ఏ నంబరు ఎవరి దగ్గరుందో, అసలు మోగుతుందో లేదో ఒక్కొక్కటిగా చూసి, మోగని వాటిని పీకించేస్తారట. సంప్రదాయం తెలిసిన మనిషిగా దీన్ని నేను తీవ్రంగా ఖండిస్తున్నాను.

స్టోన్‌హౌస్‌పేటలో ఒక బియ్యం వ్యాపారిని ఊహించుకోండి. బస్తాకు రెండు రూపాయల హమాలీ కోసం అరగంట గొడవ పడగల మనిషి. ఆయనే, ఎప్పుడో ఖాళీ చేసిన గోడౌన్లో ఎలుకలు కొరికేసిన వైరుకు వేలాడే ల్యాండ్‌లైనుకు నెలనెలా అద్దె కడుతుంటాడు. అద్దె 499 అనుకుంటే 18 శాతం జీఎస్టీతో 588 రూపాయల 82 పైసలు, ఏడాదికి ఏడు వేల పైమాట. "అన్నా, ఈ నంబరు ఎవురిది?" అని గుమస్తా అడిగితే "ఏమో అబ్బయ్యా, ముందు కట్టెయ్, మళ్లీ ఫైనేస్తారు" అంటాడు. ఎంత ఔదార్యం! హమాలీ ఎదురుగా నిలబడి అడుగుతాడు కాబట్టి కోపమొస్తుంది, బిల్లు ఆటోపేలో చప్పుడు చేయకుండా పోతుంది. గుప్తదానమంటే ఇదే కదా. దీన్ని ఆపమనడానికి ఆడిటర్‌కు నోరెలా వచ్చిందో!

చీమకుర్తి గ్రానైట్ వాళ్ల దగ్గరికి వెళ్తే ఇంకో రకం భక్తి. విదేశీ బయ్యర్ వాట్సాప్ వీడియో కాల్‌లోనే గెలాక్సీ స్లాబ్ మీద మెరుపులు చూసుకుని బేరం చేసేస్తున్నా, విదేశాలకు ఫోన్ చేసుకునే ఐఎస్‌డీ ప్యాక్ మాత్రం నడుస్తూనే ఉంటుంది. లీజ్డ్ లైన్, అంటే ఆఫీసుకు ప్రత్యేకంగా వేయించుకున్న ఇంటర్నెట్ లైను, ఒప్పందం ఎప్పుడో అయిపోయి, రేట్లు దిగాక కూడా పాత రేటుకే దానంతటది రెన్యూ అవుతుంటుంది, కొత్త రేటు అడిగితే బాగుండదేమోనని మనవాళ్లకు మొహమాటం. స్టాటిక్ ఐపీకి, అంటే మారని ఇంటర్నెట్ చిరునామాకు, వేరే చార్జీ. అదెందుకని అడిగితే "కెమెరాలకేమో" అంటారు. కెమెరాలు ఆగిపోయి ఎన్నాళ్లయిందో కెమెరాలకే తెలియాలి.

రొయ్యల గుంటల దగ్గరైతే ఆడిటర్ కళ్లనీళ్లు పెట్టుకుంటాడు. కదిలినచోటల్లా ఒక మొబైల్ స్టార్టర్, దాంట్లో ఒక సిమ్, దానికి రోజుకు రెండు జీబీ డేటా ప్యాక్. వచ్చిన కాల్ ఎత్తి మోటారు తిప్పడమే దాని పని, డేటా దేనికంటారా? మోటారుకు మాత్రం రీల్స్ చూడాలని ఉండదా? మాటలు, ఎస్సెమ్మెస్‌లు మాత్రమే ఉండే ప్యాక్‌లు కూడా పెట్టాలని టెలికం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2024 డిసెంబరులో నిబంధన తెచ్చింది కానీ, అంత పిసినారితనం మన జిల్లాలో చెల్లదు. ఒక మనిషి పేరిట తొమ్మిది సిమ్ములకు మించకూడదని రూలుంది, మన పేరిట ఎన్నున్నాయో కేంద్ర ప్రభుత్వ వెబ్‌సైట్ సంచార్ సాథీలో ఎవరైనా చూసుకోవచ్చు. చూస్తే టెన్షన్ కాబట్టి చూడరు. గుంట లీజు వదిలేసినా సిమ్ రీచార్జ్ మాత్రం వదలరు.

అన్నిటికన్నా ఘోరం జీఎస్టీ దగ్గర జరుగుతోంది. కనెక్షన్ బావమరిది పేరుతో ఉంటే కట్టిన పన్ను క్రెడిట్, అంటే మనం కట్టాల్సిన జీఎస్టీలో తగ్గించుకునే వీలు, రాదట, బిల్లు మీద మన వ్యాపారం జీఎస్టీ నంబరు ఉండాలట. పైగా మార్చితో ముగిసిన ఏడాది క్రెడిట్ ఆ నవంబరు 30 లోపే తీసుకోవాలట. డబ్బు సంగతి సరే, బిల్లు మీంచి పేరు పీకేశాక ఆ బావమరిది సంక్రాంతికి గడప తొక్కుతాడా? ఈ కోణం ఏ ఆడిటరూ ఆలోచించడు.

లైన్ కట్ చేయించడమేమైనా మాటలా? ఒకటి నొక్కండి, మూడు నొక్కండి, "మీకోసం ప్రత్యేక ఆఫర్ ఉంది సార్", ఆపైన రాతపూర్వకంగా అర్జీ, డాకెట్ నంబరు, డిపాజిట్ కోసం మళ్లీ ఇంకో అర్జీ. మనవాళ్లు "ట్రాయ్‌కి రాస్తా" అని ఫోన్లో గదమాయిస్తారు. 1997లో పుట్టిన ఆ సంస్థ ఒక్కొక్కరి ఫిర్యాదులు తీర్చదు, ముందు ఫోన్ కంపెనీ ఫిర్యాదు కేంద్రానికి, అక్కడ తెమలకపోతే అదే కంపెనీలో అప్పీలుకు పోవాలి. ఇంత తిరుగుడు కన్నా చచ్చిన లైనుకు అద్దె కట్టడం ఒంటికి మంచిదని నా అభిప్రాయం.

ఆ ఆడిటర్లలో కొందరు ఫీజు కూడా ముందు అడగరు, ఆదా చేసి చూపించిన దాంట్లో వాటా చాలంటారు. పని జరక్కపోతే డబ్బులొద్దనే మనిషిని ఎలా నమ్మాలి చెప్పండి? వచ్చీ రాగానే "మీ నంబర్ల లిస్టు ఇవ్వండి" అంటాడు. ఆ లిస్టు పాత గుమస్తా దగ్గరుంది, ఆయన మానేసి కావలి వెళ్లిపోయాడు. ఆయన చేతిలో ఉన్నది కంపెనీ సిమ్మే. బిల్లు కడుతున్నాం కాబట్టి అది మోగుతూనే ఉంటుంది, మన బిల్లులో ఉన్న నంబర్లలో ఏది ఆయనదో తెలిస్తే ఇప్పుడే ఫోన్ చేద్దుము.