డబుల్ హైట్ హాలు, సింగిల్ రిమోటు

ఇల్లు చిన్నదైతే మనుషులు ఫ్యాన్ కింద కూర్చుంటారు. ఇల్లు పెద్దదైతే ఫ్యాన్ ఎక్కడుందా అని తలలు పైకెత్తి చూస్తారు. ఈమధ్య విజయవాడ చుట్టుపక్కల కడుతున్న డూప్లెక్సుల్లో ఇదే వరస. హాలు మీద శ్లాబు ఉండాల్సిన చోట ఉండదు, పై అంతస్తు కప్పు దాకా అంతా ఖాళీయే. దాన్ని డబుల్ హైట్ అంటారు. ఎంత ఎత్తు కట్టినా మే నెల మధ్యాహ్నం మే నెల మధ్యాహ్నమే. కాకపోతే అందులో పొడుగైన ఉక్కపోత ఉంటుంది.

మా బావగారు సరిగ్గా అలాంటి ఇల్లే కట్టారు. నేల నుంచి కప్పుకి 20 అడుగులు. నడిమధ్యన ఒక మామూలు 48 అంగుళాల ఫ్యాన్. దాన్ని డబ్బాలో దాంతోపాటు వచ్చిన జానెడు రాడ్డుతోనే బిగించేశారు. కరెంటు పని చేసిన కుర్రాడు అప్పుడే మొత్తుకున్నాడట. "సార్, రెక్కలు నేలకి ఎనిమిది తొమ్మిది అడుగుల ఎత్తులో ఉంటేనే గాలి మనిషికి తగులుతుంది. పొడుగు రాడ్డు చేయిద్దాం" అని. పది అడుగుల రాడ్డు వేలాడితే హాలు లుక్కు పోతుందన్నారు బావగారు. లుక్కు ఎక్కడికీ పోలేదు. గాలి కూడా కిందికి రాలేదు.

ఫ్యాన్ గదిని చల్లబరచదు. ఒంటి మీద చెమటని ఆరబెడుతుంది, దాంతో మనకి చల్లగా అనిపిస్తుంది, అంతే. కప్పుకి అంటిపెట్టుకుని తిరిగే ఫ్యాన్ సేవలన్నీ శ్లాబుకే. శ్లాబుకి చెమట పట్టదు.

గృహప్రవేశం వైశాఖంలో పెట్టుకున్నారు. తెల్లవారుజామున ముహూర్తం కాబట్టి పాలు పొంగించేదాకా ఏ గొడవా లేదు. ఎండెక్కి, చుట్టాలు దిగి, హోమం మొదలయ్యేసరికి హాలంతా కిక్కిరిసింది. బావగారు పీటల మీద నుంచే వచ్చినవాళ్ళందరికీ ఫ్యాన్ల గురించి చెబుతున్నారు. హాల్లో ఒకటి, డైనింగు వైపు తక్కువ ఎత్తు కప్పు కింద రెండు, మూడూ ఒకే కంపెనీవి, మూడూ బీఎల్‌డీసీవి, అంటే తక్కువ కరెంటుతో తిరిగే మోటారువి. "మామూలు ఫ్యాన్ 75 వాట్లు తాగుతుంది, ఇది 30తో సరిపెట్టుకుంటుంది. 2023 జనవరి నుంచి సీలింగ్ ఫ్యాన్లకి స్టార్ లేబుల్ తప్పనిసరి చేశారు తెలుసా? మనది ఫైవ్ స్టార్."

మా పెదనాన్న పైకి చూసి, "అందుకేనా అల్లుడుగారూ, నక్షత్రాలకి దగ్గరగా బిగించారు?" అన్నాడు.

నెయ్యి పడి పొగ లేచింది. గాలి ఎటు నుంచి ఎటు పోతుందో మనకి కనపడదు కాబట్టే ఫ్యాన్ల గురించి ఎవరి ఇష్టం వచ్చినట్టు వాళ్ళు మాట్లాడతారు. ఆ రోజు మాత్రం హోమం పొగ పుణ్యమా అని అందరికీ కనపడింది. నిటారుగా లేచిన పొగ సగం ఎత్తుకి వెళ్ళి, పైనుంచి తోస్తున్న ఫ్యాన్ గాలికి ఆగి, చుట్టూ పరుచుకుంది. అక్కడి నుంచి గోడల వైపు జరిగింది. పై అంతస్తు రెయిలింగు పట్టుకుని తమాషా చూస్తున్న పిల్లలు దగ్గడం మొదలుపెట్టారు. బయటికి పోదామంటే దారి లేదు. ముందు గోడకి పైన నిలువెత్తు అద్దం ఉంది గానీ, అది తెరుచుకునేది కాదు. ఎలివేషన్ కోసం పెట్టింది.

పొగ మెల్లగా కిందికి దిగింది. ఆ ఫ్యాన్ గాలి ఎవరికీ అందలేదు గానీ, పొగ మాత్రం అందరికీ సమానంగా అందింది.

"ఆ పై ఫ్యాన్ ఒకసారి ఆపించండి నాయనా, పొగ తిరగబడుతోంది" అన్నారు పురోహితులు.

గోడ మీద స్విచ్ నొక్కితే అయిపోయేదే. కానీ స్విచ్ బోర్డు ముందు పూల డెకరేషన్ వాళ్ళు బ్యాక్‌డ్రాప్ కట్టేశారు. బావగారు పట్టుపంచె బొడ్లోంచి రిమోటు తీసి, కూర్చున్నచోటి నుంచే పైకి గురిపెట్టి నొక్కారు. 20 అడుగుల ఎత్తున ఉన్నదానికి ఆ సిగ్నల్ అందితేగా! డైనింగు వైపు ఫ్యాన్లకి మాత్రం బాగా అందింది. ఒకే కంపెనీ ఫ్యాన్లు, ఒకే రకం రిమోటు. ఎవరిని ఉద్దేశించి నొక్కామో వాటికేం తెలుసు? ఆపడానికీ వేయడానికీ ఉన్నది ఒకటే బటన్. అప్పటిదాకా తిరుగుతున్నది ఆగింది, ఆగి ఉన్నది లేచింది.

లేచిన ఫ్యాన్ కిందే ఆడవాళ్ళు తాంబూలాలు సర్దుతున్నారు. మామూలుగా అయితే అది పెద్ద విషయం కాదు. ఆ క్షణాన మా పిన్ని కుంకుమ పొట్లం విప్పి, భరిణెలో పొయ్యబోతోంది. కుంకుమ భరిణెలో పడలేదు. ఎర్రటి తెరలా లేచి, పక్కనే కుర్చీలో కూర్చుని కాఫీ తాగుతున్న పెదనాన్న లాల్చీ మీద వాలింది. కొత్త లాల్చీ, గంజి పెట్టి ఇస్త్రీ చేసింది. దులుపుకోవద్దు, మరకవుతుందని నలుగురు అరుస్తుండగానే ఆయన తడిచేత్తో దులుపుకున్నాడు.

"ఆపండి! ఆపండి!" అంది అక్కయ్య. బావగారు నొక్కారు. లేచింది ఆగింది, ఆగింది మళ్ళీ లేచింది. ఈసారి కలశం పక్కన దీపం కొండెక్కింది. పురోహితులు మంత్రం ఆపకుండానే చేత్తో సైగ చేశారు. ఆ సైగకి పెంచమనా, తగ్గించమనా, అగ్గిపెట్టె ఇమ్మనా అని కాసేపు చర్చ జరిగింది. పీటల మీద నుంచి లేవకూడదు కాబట్టి బావగారు రిమోటు మేనల్లుడికిచ్చి మెట్లెక్కించారు. వాడు పైనుంచి గురిచూసి నొక్కాడు, పెద్ద ఫ్యాన్ ఆగింది. సంబరపడి మళ్ళీ నొక్కాడు. అది తిరిగింది.

ఇలా లాభం లేదని బావగారి తమ్ముడు బయట షామియానాలో ఉన్న టెంట్ హౌస్ స్టాండు ఫ్యాన్‌ని ఈడ్చుకొచ్చి హాలు మూల పెట్టాడు. అది వేసేసరికి హోమగుండంలో మంట ఒక పక్కకి వంగింది, పొగ తిన్నగా వెళ్ళి ఆడవాళ్ళ వరసలో కూర్చుంది. అందరి కళ్ళల్లోనూ నీళ్ళే. వీడియోవాడు మాత్రం ఆనందబాష్పాలనుకుని దగ్గరికొచ్చి మరీ తీశాడు.

అప్పటికి భోజనానికని వచ్చిన కరెంటు కుర్రాడు ఇదంతా గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు. ఎవరినీ అడక్కుండా స్టాండు ఫ్యాన్ తీసుకెళ్ళి పెరటి గుమ్మానికి కాస్త లోపలగా పెట్టి, మొహం బయటికి తిప్పి వేశాడు.

"ఎవరికిరా విసురుతున్నావ్, వెనకింటివాళ్ళకా?" అన్నాడు పెదనాన్న, సగం ఎరుపు సగం తెలుపు లాల్చీలో.

"లోపలి గాలి పోతేనే కదండీ బయటిది వచ్చేది. ఆ వీధి తలుపు మూయకుండా చూడండి" అన్నాడు వాడు.

వీధి గుమ్మానికి కట్టిన మామిడాకులు ఒక్కొక్కటీ లోపలి వైపుకి వాలాయి. కింద పరుచుకున్న పొగ పాకుతూ పెరటి దారి పట్టింది. జనం కళ్ళు తుడుచుకుని ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు. మా బామ్మకి మాత్రం ఇందులో వింతేమీ కనపడలేదు. గోదావరి జిల్లాలో ఆవిడ పుట్టిల్లు మండువా లోగిలి. నడిమధ్యన కప్పే ఉండదు, వేడిగాలి దాని మానాన అది పైకి పోతుంది. వానొస్తే వాన కూడా లోపలికొస్తుందనుకోండి, అది ఆవిడ చెప్పదు.

అయితే పైభాగంలో చేరిన పొగ మాత్రం అద్దానికి అతుక్కుని, భోజనాలయ్యేదాకా అక్కడే ఉంది. సాయంత్రానికి బావగారు ఒక నిర్ణయానికొచ్చారు. అద్దంలో పై వరస తెరుచుకునేలా మార్పించాలి, ఫ్యాన్‌కి పొడుగు రాడ్డు వేయించాలి. ఆ ఎత్తుకి నిచ్చెన చాలదు, హాల్లో పరంజా కట్టాల్సిందే అన్నాడు మేస్త్రి. కొత్తగా వేసిన నున్నటి టైల్స్ మీద పరంజా అనగానే బావగారి మొహం పాలిపోయింది.

అక్కయ్య మాత్రం తలెత్తి ఫ్యాన్ కేసి పరీక్షగా చూసి, "ఎలాగూ కడతారుగా, ఆ రెక్కల మీద దుమ్ము కూడా తుడిపించెయ్యండి" అంది.