దారి కాదు, ఆ పావుగంట
అరుణాచల్‌లో జరిగే జీరో మ్యూజిక్ ఫెస్టివల్‌కి వెళ్లే బ్యాండ్లకి ప్రయాణమే అసలు పరీక్ష అని ఎవరో రాశారు. కష్టమే, కాదనను. మేం హైదరాబాద్ నుంచి గువాహటికి ఫ్లైట్లో, అక్కణ్నుంచి రాత్రి రైల్లో నాహర్లగున్, ఆపైన సుమోలో 100 కిలోమీటర్ల దాకా ఘాట్ రోడ్డు. మా డ్రమ్మర్ దారి పొడుగునా సింబల్స్, అదే డ్రమ్స్ ఇత్తడి పళ్లేలున్న బ్యాగు ఒళ్లో పెట్టుకునే కూర్చున్నాడు (పసిపిల్లని కూడా అంత జాగ్రత్తగా పట్టుకోడు). కానీ మాకు చెమటలు పట్టించింది వెదురు స్టేజి మీద పావుగంట. ఒక బ్యాండు దిగాలి, ఇంకోటి ఎక్కాలి. తీరిగ్గా సౌండ్‌చెక్ ఎక్కడ, ఉన్నదల్లా లైన్‌చెక్, అంటే ఒక్కో వాద్యం సౌండ్ వస్తోందో లేదో చూసుకోవడమే. కిక్ డ్రమ్ కొట్టు, స్నేర్ డ్రమ్ కొట్టు, బేస్ వస్తోందా, సరే కానివ్వండి! సెప్టెంబరు తేమకి గిటారు తీగలు పాటపాటకీ శ్రుతి తప్పిపోయేవి. పైగా నా గిటారు సౌండ్ మార్చే పెడల్స్‌కి కరెంటిచ్చే అడాప్టర్ హోమ్‌స్టేలో మంచం మీదే మర్చిపోయొచ్చాను, తప్పు నాదే. అప్పుడే వాయించి దిగుతున్న బ్యాండు గిటారిస్టు తన అడాప్టర్ పీకి నా చేతిలో పెట్టేసి వెళ్లిపోయాడు. సాయంత్రం వెతుక్కుంటూ వెళ్తే మోకాళ్లదాకా బురదతో టీ తాగుతూ కనిపించాడు.