శాలువా, సీసా, బొమ్మకుక్క

విదేశంలో ఉన్న మన తెలుగు సంఘం మొన్నటి ఉగాది సంబరాల్లో వేసిన 12 నిమిషాల "దేవదాసు" స్కిట్ చూసినవాళ్లకి ఆ నవ్వులు ఇంకా గుర్తుండే ఉంటాయి. శాలువా కప్పుకుని, గడ్డం అతికించుకుని, ఒక చేత్తో సీసా, ఇంకో చేత్తో తాడు కట్టిన బొమ్మకుక్కతో కథానాయకుడు తూలుతూ వచ్చాడు. రెండో నిమిషంలో అతన్ని ప్రేమించే వేశ్య చంద్రముఖి ఐటమ్ సాంగుకి ఆడింది. ఎనిమిదో నిమిషంలో అతను చిన్ననాటి నుంచి ప్రేమించిన పార్వతి అతన్ని ఇన్‌స్టాగ్రామ్‌లో బ్లాక్ చేసింది. చివర్లో అందరూ కలిసి ఓ కొత్త పాటకి స్టెప్పులేశారు. ఈలలు ఆగకముందే ఎంసీ పరుగున వచ్చి లక్కీ డ్రా నంబర్లు చదవడం మొదలుపెట్టాడు. ఆ స్కిట్లో దేవదాసు తండ్రి లేడు. పార్వతి తండ్రీ లేడు.

అదే హాలు లాబీలో, పట్టుచీరల స్టాలుకీ రియల్ ఎస్టేట్ స్టాలుకీ మధ్య, పెళ్లీడు పిల్లల "పరిచయ వేదిక" బల్ల వేశారు. అక్కడి ఫారంలో ఎత్తుకి, చదువుకి, వీసాకి, స్వస్థలానికి, కులానికి, శాఖకి, గోత్రానికి గళ్లున్నాయి. స్కిట్లోంచి తీసేసిన తండ్రి బయట ఆ బల్ల ముందు కూర్చుని ఫారం నింపుతున్నాడు.

స్కిట్ వేసిన కుర్రాళ్ల మీద కోపమేమీ లేదు. వారమంతా ఆఫీసు, శనివారం పిల్లల క్లాసులు, ఆదివారం కిరాణా అయ్యాక జనం హాలుకొచ్చేది నవ్వుకోడానికే. దేవదాసుకి పేరడీ కట్టడమూ మనకి కొత్త కాదు. ప్రేమ దక్కక గడ్డం పెంచిన ప్రతివాణ్నీ "దేవదాసు" అని పిలిచి ఆ పేరుని మామూలు మాటగా మార్చేసిన జాతి మనది. కానీ నవ్వు కోసం కథలోంచి ఏది కోశామో చూసుకోవాలి కదా. సీసాని ఉంచి ఇంటిని కోసేశాం.

1953లో వేదాంతం రాఘవయ్య తీసిన "దేవదాసు" సినిమా మూడు గంటల పైచిలుకు నడుస్తుంది. 1917లో అచ్చయిన శరత్ బెంగాలీ నవలే దానికి మూలం. అందులో పార్వతి చేజారాకే సీసా వస్తుంది. అంతకుముందు నడిచేదంతా రెండిళ్ల గొడవ. దేవదాసు తండ్రి అంతస్తు చూసి సంబంధం కాదంటాడు. పార్వతి తండ్రి ఆ అవమానానికి పౌరుషం తెచ్చుకుని, కూతుర్ని అంతకన్నా పెద్ద జమీందారుకి, పెళ్లీడు పిల్లలున్న ముసలివాడికి కట్టబెడతాడు. ఇద్దరూ పిల్లల మంచికే చేశామనుకుంటారు. ఇద్దరిలో ఒక్కరు తగ్గినా ఆ సినిమాకి ఇంటర్వెల్ తర్వాత కథే ఉండదు.

ఇంకో సంగతి. ఈ కథలో దక్కని ప్రేమ అనగానే అందరూ దేవదాసు వైపు చూస్తారు. అతన్ని పార్వతి ప్రేమించింది, చంద్రముఖి ప్రేమించింది. తిరిగి ఏమీ రాని ప్రేమ చంద్రముఖి ఒక్కదానిదే. స్కిట్లో ఆమెకి డాన్సు ఇచ్చి పంపేస్తున్నాం.

కాబట్టి వచ్చే దీపావళికి ఇదే కథని నాటికగా, సరిగ్గా వేద్దాం. సినిమానే చూపిస్తే పోదా అనేవాళ్లున్నారు. బహిరంగ ప్రదర్శనకి హక్కుదారుల అనుమతి కావాలేమో కనుక్కోవాలి, అదొకటి. హాలు అద్దె గంటల లెక్కన నడుస్తుంది. మూడు గంటల నలుపు తెలుపు సినిమాకి ఇక్కడ పుట్టిన పిల్లల్ని కూర్చోబెట్టడం ఎలాగూ కాదు. 40 నిమిషాల నాటికకి కూర్చుంటారు, కళ్లముందు మనుషులుంటారు కనక.

ఆ 40 నిమిషాలు ఇలా పంచాలి. సంబంధం మాట ఎత్తడం, తండ్రి కాదనడం: 8. రాత్రివేళ పార్వతి దేవదాసు గదికి వచ్చి తనని పెళ్లాడమని అడగడం: 7. తనని మరిచిపొమ్మని పట్నం నుంచి అతను రాసే ఉత్తరం: 3. అతను తిరిగొచ్చాక ఆమె కాదనడం, ఆమె నుదుటి మీద అతను కొట్టే దెబ్బ: 7. చంద్రముఖి: 5. తండ్రి పోయాక దేవదాసు, పార్వతి ఆఖరిసారి మాట్లాడుకోవడం, ఒక్కసారైనా మీ ఇంటికి వస్తానని అతను మాటివ్వడం: 6. అతను ఆమె అత్తింటి ముందు చనిపోతే, ఆమె బయటికి రాకుండా మూసుకునే తలుపులు: 4. సీసా ఆరో రంగంలో మాత్రమే కనిపించాలి, అదీ నేల మీద. తూలడం వద్దు. సినిమాలో దేవదాసు వేసిన అక్కినేని మత్తంతా కళ్లలోనే చూపించారు, ఆ సన్నివేశాల్ని రాత్రిపూట తీశారని సినిమావాళ్లు చెప్పుకునేది అందుకే. నటుడు కాలు తడబడేలా నడిస్తే జనం నవ్వుతారు. నిలబడటానికి కష్టపడుతున్నవాడిలా నడిస్తే నవ్వరు.

స్క్రిప్టు దగ్గరే మనవాళ్లు మొదటి తప్పు చేస్తారు. వేదిక మీద తెలుగు సంభాషణ నిమిషానికి 80, 90 మాటలకు మించితే వెనక వరసలకి అందదు. మౌనాలు కూడా కలుపుకుంటే 40 నిమిషాలకి 2,500 మాటలే గరిష్ఠం. సాధారణంగా 4,000 రాసుకొచ్చి, టైము చాలడంలేదని ఆఖరి వారం గబగబా చదివిస్తారు. అప్పుడు విషాదం కాస్తా వార్తలు చదివినట్టు ఉంటుంది.

తండ్రి వేషం ఎవరికీ అక్కర్లేదు. కథానాయకుడి వేషానికి నలుగురు పోటీ పడతారు, వాళ్లలో ఒకరు ఎలాగూ కార్యవర్గ సభ్యుడే అయి ఉంటాడు. మన దగ్గరున్న అందరికన్నా మంచి నటుణ్ని తండ్రికి ఇవ్వాలి. సినిమాలో ఆ వేషం ఎస్వీ రంగారావుది. 1918లో పుట్టిన మనిషి, అక్కినేని కన్నా ఐదారేళ్లే పెద్ద. జుట్టుకి టాల్కం పౌడరు కొట్టుకుంటే రాని పెద్దరికం ఆయన కూర్చునే తీరులో ఉంది. మన నటుడూ కుర్చీలో కూర్చునే చెప్పాలి, గొంతు పెంచకూడదు. తండ్రి అరిచాడంటే అతను విలన్ అయిపోతాడు. హాల్లో ఉన్న ప్రతి తండ్రీ "నేనలా కాదులే" అని హాయిగా వెనక్కి వాలతాడు. కాఫీ చల్లారిందన్నంత మామూలుగా "ఈ సంబంధం మనకి కుదరదు" అంటే వాలలేడు. ఎందుకంటే ఇక్కడ మన ఇళ్లలో అరుపులు ఎప్పుడూ లేవు. ఫోన్ పెట్టేయడం ఉంది, పండక్కి పిలవకపోవడం ఉంది, "నీ ఇష్టం, మమ్మల్ని అడక్కు" అనడం ఉంది.

నుదుటి మీద దెబ్బ రంగం గురించి మన అమ్మాయిలు అడిగేది న్యాయమైన ప్రశ్న. కొట్టినవాణ్ని ప్రేమికుడని ఇన్నేళ్లు ఎందుకు కీర్తిస్తున్నాం? దాన్ని దాటేస్తే కథ అబద్ధమవుతుంది. మామూలుగా వేస్తే ఎవరో ఒకరు ఈల వేస్తారు. దేవదాసు వీపు ప్రేక్షకుల వైపు ఉండాలి, పార్వతి ముఖం మనవైపు ఉండాలి. దెబ్బకి కీబోర్డు మీద "ధన్" మనే శబ్దం పెట్టొద్దు, ఈల పుట్టేది అక్కణ్నించే. తర్వాత ఐదు సెకన్లు ఎవరూ కదలకూడదు, లోలోపల లెక్కపెట్టుకోవాలి. రిహార్సల్లో ఆ ఐదు సెకన్లు ఐదు నిమిషాల్లా అనిపించి రెండుకి కుదించేస్తారు. కుదించనివ్వొద్దు.

చంద్రముఖికి పాట వద్దు, డాన్సు వద్దు. ఆమె అతని మంచం పక్కన కూర్చుని ఉంటుంది, అతను పార్వతి పేరు పలుకుతాడు, ఆమె నీళ్లు తాగిస్తుంది. అంతే. ఐదు నిమిషాల్లో ఇరవై మాటలు చాలు.

ఇక మైకుల సంగతి. మన నాటికలు సగం చచ్చేది వీటివల్లే. కాలర్ మైకు గడ్డానికి జానెడు కిందకి, గుండె మధ్యలో ఉండాలి. పట్టుచీర పమిట కింద పెడితే ప్రతి కదలికకీ గరగర వస్తుంది, కాసులపేరు వేసుకుంటే గలగల. పార్వతికి నూలుచీర కట్టించి, గొలుసు తీయిస్తే రెండు సమస్యలూ పోతాయి. ఇద్దరు నటులు దగ్గరగా నిలబడ్డప్పుడు రెండు మైకులూ తెరిచి ఉంచితే ఒకరి గొంతు రెండింట్లోంచీ కాస్త తేడాతో వస్తుంది. రెండూ కలిసి, డబ్బాలోంచి మాట్లాడినట్టు బోలుగా వినిపిస్తుంది. కాబట్టి సౌండ్ చూసే వాలంటీరు చేతిలో స్క్రిప్టు ఉండాలి. మాట్లాడేవాళ్ల మైకు తెరిచి, రెండోది దించుతూ పోవాలి. ఆ వాలంటీరు చివరి రెండు రిహార్సల్స్‌కైనా రావాలి. ఆరోజు పొద్దున్నే వచ్చి "ఎన్ని మైకులు?" అని అడిగే పద్ధతి ఇక మానేద్దాం.

వెనక ఎల్ఈడీ తెర మీద పచ్చటి పొలాల వీడియో నడిపించడం మనకో వ్యసనం. ఆ వెలుగు ముందు మనుషుల ముఖాలు నల్లగా అయిపోతాయి. కంటి తడి అసలు కనపడదు. తెర ఆపేయండి, లేదా 10 శాతానికి దించండి. ముఖాల మీద ముందు నుంచి రెండు లైట్లు చాలు. సినిమా పాటల ట్రాకులూ వద్దు. లైవ్ స్ట్రీమ్‌లో కాపీరైట్ పడి గొంతు మూగబోతుంది. వయొలిన్ నేర్చుకుంటున్న పిల్లలు మన ఊళ్లో ఎంతమంది లేరు?

పార్వతి వేషం ఇక్కడ పెరిగిన అమ్మాయికే ఇవ్వాలి. మాటలు ఇంగ్లిష్ అక్షరాల్లో రాసిస్తే "కళ్లు" కాస్తా "కల్లు" అవుతుంది, ఈ కథలో అది మరీ ప్రమాదం. పెద్దవాళ్లెవరైనా ఆమె మాటలన్నీ రికార్డు చేసి పంపాలి, మూడు వారాలు చెవితో నేర్చుకోవాలి. తెలుగు రాని పిల్లల కోసం పక్కన చిన్న తెర మీద అనువాదం వేయాలి. ఒక్కోసారి రెండు లైన్లే, లైనుకి 40 అక్షరాల లోపు, కనీసం మూడు సెకన్లు. నటుడు నోరు విప్పాకే మీట నొక్కాలి. ముందే పడితే పిల్లలు తండ్రి జవాబు చదివేసి ఫోన్లు తీస్తారు.

రిహార్సల్స్ ఎనిమిది: మూడు జూమ్‌లో చదువుకోడానికి, ఐదు ఎదురుబొదురుగా. జూమ్‌లో గొంతు అరక్షణం ఆలస్యంగా చేరుతుంది, దానికి అలవాటుపడితే మౌనాలన్నీ తప్పుతాయి. ఎవరి గరాజులోనైనా వేదిక కొలతల్లో మాస్కింగ్ టేపు అంటించుకుంటే చాలు.

కార్యక్రమంలో చోటు మాటకొస్తే, భోజనాల ముందు పెడితే బిర్యానీ వాసనకి వెనక వరసలు ఖాళీ అవుతాయి. చిన్నపిల్లల డాన్సులు అవగానే పెడితే తల్లిదండ్రులు గ్రీన్‌రూమ్ దగ్గర నగలు విప్పుతూ ఉంటారు. డాన్సులకీ నాటికకీ మధ్య పది నిమిషాల వీణ కచేరీ పెట్టి, భోజనాలకి గంట ముందు నాటిక మొదలుపెట్టాలి. 40 నిమిషాలు ఎక్కణ్నించి వస్తాయంటారా? నాలుగు సినిమా డాన్సులు తగ్గించి, స్పాన్సర్ల ప్రసంగాలు ముగ్గురికి బదులు ఒక్కరికే పరిమితం చేస్తే వస్తాయి. స్పాన్సర్లకి కోపం వస్తుందేమో. వాళ్లకీ పెళ్లీడు పిల్లలున్నారు.

కార్యవర్గానికి ఒకటే విన్నపం. నాటిక రోజున పరిచయ వేదిక బల్ల అక్కడే ఉండనివ్వండి, తీయక్కర్లేదు. నాటిక అయ్యాక మాత్రం హాలు లైట్లు వెంటనే వేయొద్దు. తలుపులు మూసుకున్న చీకట్లో జనాన్ని ఓ పది సెకన్లు అలాగే కూర్చోనివ్వండి. ఎంసీ వింగ్స్‌లోనే ఆగాలి. లక్కీ డ్రా నంబర్లు భోజనాల దగ్గర చదువుకోవచ్చు.