ఏడు లైట్ల నిరుద్యోగ సమస్య

ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి, రాయగడల్లో తెలుగువాళ్ల హాల్లోకి అడుగు పెడితే టీవీ పక్కన ఆంప్లిఫయరు, దాని నుదుట పాట జోరుని బట్టి లైట్లు వెలిగే ఎల్‌ఈడీ మీటరు దర్శనమిస్తాయి. ఆ మీటరుకి పది లైట్లుంటే రోజూ డ్యూటీ చేసేవి మూడు. మిగతా ఏడూ రెండేళ్లకోసారి వచ్చే ఠాకురాణీ జాతరకి వాల్యూమ్ పెంచినప్పుడు కాస్త మెరిసి, మళ్లీ ఇంట్లో కూర్చుంటాయి. ఇంత తీవ్రమైన నిరుద్యోగం మీద అటు భువనేశ్వర్‌లోగానీ ఇటు అమరావతిలోగానీ ఒక్క కమిటీ కూడా వెయ్యలేదు. అందుకని ఈ వ్యాసమే కమిటీగా కూర్చుంది.

కమిటీ ముందుకొచ్చిన మొదటి సాక్షి ఆ లైట్లని వెలిగించే ఎల్‌ఎం3915 చిప్పు. దాంట్లో లైటుకీ లైటుకీ 3 డెసిబెల్ తేడా, అంటే వాట్లు సగానికి సగం. పదో లైటుని 100 వాట్లకి కడితే తొమ్మిదోది 50కి, ఎనిమిదోది 25కి వెలుగుతుంది. అలా దిగుతూ దిగుతూ మొదటిది 0.2 వాటు దగ్గర కూర్చుంటుంది. ఇంట్లో పాట వినడానికి సగటున ఒక్క వాటు చాలా ఎక్కువ. ఒక్క వాటుకి వెలిగేవి మూడు లైట్లే. ఇది చిప్పు తప్పు కాదు, లాగరిథమ్ తప్పు. కానీ ఇంటికొచ్చిన వియ్యంకుడు “ఏటి బావగారూ, మీది ఎక్కట్లేదేటి?” అని అడిగితే లాగరిథమ్ పాఠం చెప్పగలమా?

కాబట్టి మొదటి సిఫారసు: ముందు పలక మీద 100 అని అచ్చు వేయించి, లోపల ట్రిమ్‌పాట్‌ని (స్క్రూడ్రైవరుతో తిప్పే బుల్లి సర్దుబాటుని) 3 వాట్లకి తిప్పెయ్యాలి. పద్ధతి సులువు. స్పీకరు బదులు 8 ఓమ్‌ల పెద్ద రెసిస్టరు తగిలించి, 100 హెర్ట్‌జ్ టోను పెట్టి, మల్టీమీటరు 4.9 వోల్టులు చూపించేదాకా వాల్యూమ్ పెంచి, అక్కడ పదో లైటు వెలిగేలా ట్రిమ్‌పాట్ తిప్పడమే. నిజంగా 100 వాట్లకైతే 28.3 వోల్టులు కావాలి. ఇక్కడ 1 కిలోహెర్ట్‌జ్ టోను వాడకండి. చవక మల్టీమీటర్లలో చాలావాటికి అంత పై ఫ్రీక్వెన్సీలో ఏసీ కొలత కుదరదు. అబద్ధం చెప్పేటప్పుడైనా కొలత సరిగ్గా ఉండాలి కదా.

ఏడుగురికీ ఒకేసారి ఉద్యోగాలిస్తే చిప్పు వేడెక్కుతుంది. దాని ఏడో పిన్నుకి 1.2 కిలో ఓమ్ రెసిస్టరు పెడితే ఒక్కో ఎల్‌ఈడీకి దాదాపు 10 మిల్లీ ఆంపులు పోతాయి. లైట్లకి 12 వోల్టులిచ్చి పదీ వెలిగిస్తే, ఎల్‌ఈడీలు తినగా మిగిలిన దాదాపు ఒక వాటు వేడంతా చిప్పు నెత్తినే. లైట్లకి విడిగా 5 వోల్టులిస్తే అది 0.3 వాటుకి దిగుతుంది. వైర్లు జానెడు పొడవు లాగి, దగ్గర్లో 10 మైక్రోఫారడ్ కెపాసిటరు పెట్టకపోతే చిప్పు ఆసిలేట్ అయ్యి (తనంతట తనే ఊగిసలాడి), పాట ఆపినా నాలుగైదు లైట్లు సగం సగం వెలుగుతూ ఉంటాయి. కొందరు దాన్ని ప్రత్యేక సౌకర్యం అనుకుని అలాగే ఉంచేస్తారు.

బ్రిడ్జి పద్ధతిలో నడిచే టీడీఏ7297 లాంటి ఆంప్లిఫయరు బోర్డులున్నవాళ్లు మాత్రం ఈ పేరా హాస్యం అనుకోకండి. వాటిలో స్పీకరు రెండు చివరలూ కరెంటున్నవే, ఏదీ గ్రౌండు కాదు. మైనస్ అని రాసుందని మీటరు గ్రౌండు వైరు అక్కడ తగిలిస్తే ఔట్‌పుట్ షార్టవుతుంది. ఇన్‌పుట్ వైపు నుంచి, వాల్యూమ్ తర్వాత, బఫర్ (అసలు సిగ్నల్ మీద భారం పడకుండా మధ్యలో నిలబడే చిన్న సర్క్యూటు) పెట్టి సిగ్నల్ తీసుకోండి.

ఇక డిజిటల్ సోదరులు. ఈఎస్‌పీ32 అనే బుల్లి కంప్యూటరు బోర్డుకి డబ్ల్యూఎస్2812బీ రంగుల ఎల్‌ఈడీ స్ట్రిప్ తగిలించి, సెకనుకి 60 సార్లు బొమ్మ మారుస్తారు, మారిన ప్రతిసారీ ఒక్క శాంపిల్ (సిగ్నల్‌ని ఒక్కసారి కొలిచిన అంకె) చదువుతారు. సెకనుకి వచ్చే 44,100 శాంపిళ్లని 60తో భాగిస్తే 735. అంటే 734 శాంపిళ్లు గుమ్మం దగ్గరే తిరిగెళ్లిపోయాయి. డప్పు దెబ్బ వాటిలోనే ఉంది. 735లో పెద్దదాన్ని పట్టుకోవాలి. పట్టుకున్నాక దాన్ని మెల్లగా దించాలి, 1.7 సెకన్లకి 20 డెసిబెల్ చొప్పున, అంటే బొమ్మకి 0.2 డెసిబెల్. 1939లో అమెరికా రేడియోవాళ్లు, బెల్ ల్యాబ్స్ కలిసి తెచ్చిన వీయూ మీటరు (శబ్ద స్థాయి చూపే పాత మీటరు) ముల్లు నిలకడకి రావడానికి 300 మిల్లీ సెకన్లు పట్టేది. డప్పు దెబ్బ అయ్యాక తీరిగ్గా లేచేది. అయినా అది సగటు చూపించేది, చూపిస్తానని చెప్పుకునేది కూడా అదే. సగటుకి బారు, శిఖరానికి ఒక చుక్క, రెండూ ఒకే గీత మీద పెట్టడం ఇప్పటికీ అందరికంటే తెలివైన డిజైను. అందుకే ఎవరూ కొనరు.

ఆ స్ట్రిప్‌లో 60 లైట్లు తెల్లగా నిండుగా వెలిగితే 3.6 ఆంపులు. అంతా ఆంప్లిఫయరులోని 7805 (5 వోల్టుల రెగ్యులేటరు) మీద వేస్తే బేస్ కొట్టిన ప్రతిసారీ వోల్టేజి పడి తెలుపు ఎర్రబడుతుంది, నీలం ముందు చచ్చిపోతుంది కాబట్టి. గ్రౌండు కూడా కలిసిపోతే నిశ్శబ్దంలో స్పీకరు టిక్కుటిక్కుమంటుంది. ఇంత శ్రమపడి మీటరు శబ్దాన్ని తనే తయారుచేసి తనే చూపించే స్వయంసమృద్ధి సాధిస్తుంది.

ఎదురింటాయనతో గొడవొస్తే మీటరు న్యాయవాదిగా కూడా పనికొస్తుంది. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాలు నివాస ప్రాంతాల్లో రాత్రి 45 డెసిబెల్ దాటకూడదంటాయి. డిజిటల్ మీటరులో గరిష్ఠం సున్నా, మిగతాదంతా మైనస్. “మాది మైనస్ 12 ఉందండీ, శబ్దం చెయ్యలేదు, మింగాం” అనొచ్చు. రెండు డెసిబెల్‌లూ వేరని ఎదురింటాయనకి తెలిస్తే తప్ప కేసు మనదే.

ఇప్పటి పాటలు మాత్రం పై కొద్ది డెసిబెల్‌లలోనే కిక్కిరిసి కూర్చుంటున్నాయి. వాల్యూమ్‌ని కాక రికార్డింగునే కొలిచే నిజాయితీగల డిజిటల్ మీటరులో పై లైట్లు ఆరవు, చెడిపోయిందని వెనక్కిచ్చేస్తారు. దానికి కమిటీ తుది సిఫారసు: మీటరుకి సిగ్నల్ వైరే వద్దు. యాదృచ్ఛిక సంఖ్యలతో లైట్లు ఆడించండి. వైరు లేదు కాబట్టి హమ్ము రాదు, బ్రిడ్జి భయం లేదు, క్యాలిబ్రేషను అక్కర్లేదు, పదికి పది ఉద్యోగాలు. పాట ఆపేసినా మీటరు ఆగదు, అదొక్కటే లోటు. దానికో మ్యూట్ బటన్ పెట్టండి, మీటరుకి మాత్రమే.